మైసూరులో మన ఇంటి పెద్ద



పావగడ తాలూకా నాగలమడికె హోబళిలో క్యాతగానచెర్లు అనే గ్రామమున్నది. పేరు చివరనున్న 'చెర్లు' మన చెరువును తలపింపక మానదు. ఈ సీమ మైసూరు సంస్థానంలోనిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు గాని, 1956లో భాషాప్రాతిపదికపై రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినపుడు గాని ఇది కన్నడ పాలనలోనే నిలిచినది. తాలూకాకు మూడు వైపుల ఆంధ్ర దేశమే. ఇంట తెలుగు, బడిలో కన్నడం. ఇక్కడి పిల్లవానికి ఇది వింత కాదు, నిత్యజీవితం.

ఈ ఊరి పేరు ఇటీవల పత్రికలకెక్కినది సౌరవిద్యుత్తు వల్ల. క్యాతగానచెర్లుతో పాటు తిరుమణి, బాలసముద్రం, వల్లూరు, రాయచెర్లు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర ఉద్యానం వెలసినది. తొలి దశ 2018 మార్చి 1న ప్రారంభమైనది. రైతులు భూములను అమ్మలేదు. 28 ఏళ్లకు కౌలుకిచ్చినారు; ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో కౌలు మొదలైనది. తాతలు దున్నిన మెట్టచేలు గాజుపలకల క్రింద ఉన్నా, గడువు తీరిన నాడు వాటిని అడిగి తీసుకొనే హక్కు మనుమలకు కాగితం మీద భద్రంగా ఉన్నది.

తాతలు పలికిన భాషకు అట్టి కాగితమేదీ లేదు. అది ఇంటి పెద్ద బ్రతికి ఉన్నంత కాలం ఇంట నిలుస్తుంది; ఆ పైన ఎవరో ఒకరు పూనుకుంటేనే నిలుస్తుంది. అందుచేత ఈసారి మీకు ఒక పెద్దాయన దీర్ఘజీవితాన్ని గుర్తుచేయదలచినాను. ఆయన ఏ ఒక్క ఇంటికో పెద్ద కాడు. కన్నడ సీమలో తెలుగు చెప్పి బ్రతికిన మా ఉపాధ్యాయ కులానికంతటికీ తాతగారు.

పావగడ సరిహద్దు దాటితే అనంతపురం జిల్లా కంబదూరు ప్రాంతం. అక్కడి రాళ్లపల్లి గ్రామంలో 1893 జనవరి 23న అనంతకృష్ణశర్మ గారు జన్మించినారు. సంస్కృతాంధ్రాలకు తండ్రి, సంగీతానికి తల్లి తొలి గురువులు. ఆ ఊరు అప్పటి మద్రాసు రాజధానిలోనిది. కాని శర్మగారిని విద్య పిలిచినది మైసూరుకు. పరకాల మఠంలో సంస్కృతం చదివినారు. బిడారం కృష్ణప్ప గారి వద్ద సంగీతం నేర్చినారు. మహారాజా కళాశాలలో ఆచార్యులుగా ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆ యువకుని పాండిత్యాన్ని గుర్తించగా, 1912లో శర్మగారు అక్కడ తెలుగు పండితులైనారు. వయస్సు 19 ఏళ్లు!

ఆనాటి నుండి 1949 వరకు, దాదాపు 38 సంవత్సరాలు, కన్నడ రాజధానిలో తెలుగు పాఠం చెప్పినారు. ఆ అంకెను ఒక్కసారి మీ ఉద్యోగజీవితంతో పోల్చి చూడండి. చుట్టూ కన్నడం, తరగతిలో తెలుగు. అయినా కన్నడాన్ని ఆయన పరాయిదిగా చూడలేదు. ఆ భాషలో సంగీతంపై 'గానకళె' వ్రాసినారు. కన్నడ సాహిత్యంలోనూ ఇట్టివారు లేకపోలేదు. మాస్తి వారి ఇంటిభాష తమిళం, బేంద్రే గారిది మరాఠీ. ఒక భాషను ప్రేమించాలంటే మరొకదానిని మరువవలెననే మాట ఎక్కడ పుట్టినదో గాని, ఈ సీమలో మాత్రం పుట్టలేదు.

శర్మగారు 1928లో వేమనపై ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి నేటికీ చదువబడుతున్నవి. నాకు మాత్రం అంతకంటె ప్రియమైనది 'నిగమశర్మ అక్క' అనే చిన్న వ్యాసం. తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలో చెడు తిరుగుళ్లు తిరుగుతున్న తమ్ముణ్ణి బాగుచేయడానికి ఒక అక్క పుట్టింటికి వస్తుంది. బుజ్జగించి మంచి మాటలు చెబుతుంది. అతడు కొన్నాళ్లు బుద్ధిమంతునివలె నటించి, ఒక రాత్రి నగానట్రా మూటగట్టుకొని పారిపోతాడు. కవి ఆమెకు పేరైనా పెట్టలేదు. పేరులేని ఆ ఇల్లాలిని పట్టుకొని, ఇంటి మంచిచెడ్డలు మోసే మనిషి ఎట్లుంటుందో శర్మగారు చూపించినారు. మన ఇండ్లలో పెద్దరికం మగవారి సొత్తేనని భావించేవారు ఆ వ్యాసం ఒకమారు చదువవలె.

ఉద్యోగవిరమణ తరువాత విశ్రాంతి తీసుకొని ఉంటే ఆయనను ఎవరు తప్పుపడతారు? ఆయన తిరుపతి వెళ్లినారు. 1950లో వేటూరి ప్రభాకరశాస్త్రి గారి మరణంతో ఆగిన అన్నమాచార్య సంకీర్తనల పరిష్కరణను శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయంలో చేపట్టినారు. రాగిరేకులపై సాహిత్యమున్నది, రాగం పేరున్నది, స్వరం లేదు. పాడే పరంపర తెగిపోయినది. తల్లి నేర్పిన సంగీతము, తండ్రి నేర్పిన సాహిత్యము అరవైయవ పడిలో ఒక్కచోట కలిసి పనికివచ్చినవి. నూరుకు పైగా కీర్తనలకు ఆయన స్వరం కూర్చినారు. మద్రాసు సంగీత అకాడమీ 1974లో సంగీత కళానిధి బిరుదంతో గౌరవించినది.

క్యాతగానచెర్లు వంటి ఊళ్ల తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుండి చెబుతూనే ఉన్నది. ఆ వసతి అందేదాకా ఊరక కూర్చోనక్కరలేదు. అటకమీది ట్రంకు పెట్టె దించి చూడండి. తాతగారి చేవ్రాతలో పద్దుల పుస్తకమో, పాత ఉత్తరమో దొరకవచ్చు. కన్నడం చదువగల మీ అమ్మాయి చేతికి దానిని ఇవ్వండి. గ, న, ర, ల వంటి అక్షరాలు ఆమెకు చప్పున తెలిసిపోతాయి. క, శ, హ ల దగ్గర కొంచెం ఆగుతుంది. తలకట్టు తేడా చెబితే చాలు. కన్నడం బాగా వచ్చిన పిల్లలకు కొన్ని వారాలకే తెలుగు చదవడం పట్టుబడటం నా అనుభవంలో ఉన్నది. ఆ ఇంట తాతగారు ఇంకా ఉంటే, అక్షరం తప్పినపుడు దిద్దే పని వారికే అప్పగించండి.

శర్మగారు చివరి రోజులు బెంగుళూరులో గడిపినారు. 1979 మార్చి 11న తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనకు ఆస్థాన విద్వాంస పదవినిచ్చి సత్కరించినది. ఆనాడే ఆయన కన్నుమూసినారు. వయస్సు 86 సంవత్సరాలు.