క్రియాశక్మం: ఒక భావన చరిత్ర

విద్యార్థులారా! నాడీకణ నిర్మాణాన్ని గురించి మీరు ఇంతకు ముందే చదివారు. నాడీ సంకేతం ఎలా పుడుతుందనే విషయాన్ని శాస్త్రజ్ఞులు ఏ క్రమంలో తెలుసుకున్నారో ఈ భాగంలో పరిశీలిద్దాం.

నాడీ సంకేత వేగాన్ని కొలవడం అసాధ్యమని జర్మన్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు యొహాన్నెస్ ముల్లర్ భావించాడు. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నాడిపై దానిని కొలిచి చూపాడు. అది సెకనుకు సుమారు 27 మీటర్లు. తీగలో ప్రసరించే విద్యుత్ సంకేతంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అంటే నాడి వట్టి తీగ కాదని, అందులో మరేదో ప్రక్రియ జరుగుతోందని తేలింది.

ఆ ప్రక్రియను 1902లో యూలియస్ బెర్న్‌స్టైన్ ఇలా వివరించాడు. విశ్రాంతిలో కణత్వచం పొటాషియం అయాన్లకు మాత్రమే పారగమ్యంగా ఉంటుంది. అవి బయటకు పోవడం వల్ల లోపలి వైపు రుణావేశం ఏర్పడుతుంది. ప్రచోదనం కలిగినప్పుడు త్వచం అన్ని అయాన్లకూ దారి ఇస్తుంది. కాబట్టి శక్మభేదం సున్నాకు చేరుతుంది. ఈ వాదాన్ని చాలా కాలం అంగీకరించారు. నాడీతంతువులు అతి సన్ననివి కావడంతో లోపలి శక్మాన్ని నేరుగా కొలిచి సరిచూసే వీలు లేకపోయింది.

స్క్విడ్ అనే సముద్రజీవిలో దాదాపు అర మిల్లీమీటరు మందం గల ఆక్సాన్ ఉంది. దాని ప్రాముఖ్యాన్ని 1930లలో జె.జెడ్. యంగ్ గుర్తించాడు. 1939లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఈ ఆక్సాన్ లోపలికి ఎలక్ట్రోడును చొప్పించి శక్మాన్ని కొలిచారు. అది సున్నా వద్ద ఆగలేదు. దానిని దాటి సుమారు +40 మిల్లీవోల్టులకు చేరింది. బెర్న్‌స్టైన్ వాదంతో దీనికి సమాధానం దొరకలేదు. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం రావడంతో పరిశోధన ఆగిపోయింది.

1949లో హాడ్జ్‌కిన్, కాట్జ్ బయటి ద్రవంలో సోడియం తగ్గించి చూశారు. క్రియాశక్మం ఎత్తు కూడా తగ్గింది. అంటే మొదట సోడియం అయాన్లు లోపలికి ప్రవేశించడం వల్లే లోపలి వైపు ధనావేశం వస్తోంది. తర్వాత పొటాషియం అయాన్లు బయటకు వెళ్లడంతో త్వచం పూర్వస్థితికి చేరుతుంది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఈ క్రమాన్ని సమీకరణాలుగా రాశారు. హక్స్‌లీ చేతితో తిప్పే గణనయంత్రంపై వాటిని సాధించాడు. లెక్కలో వచ్చిన వేగం సెకనుకు 18.8 మీటర్లు; ప్రయోగంలో కొలిచినది 21.2 మీటర్లు. ఈ కృషికి వారిద్దరికీ 1963లో, ఎకిల్స్‌తో కలిపి, నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బెర్న్‌స్టైన్ వాదం పూర్తిగా వీగిపోలేదు. విశ్రాంతి స్థితికి పొటాషియమే ప్రధాన కారణమన్న భాగం నేటికీ నిలిచి ఉంది. కొలతకు నిలవని భాగాన్ని మాత్రమే శాస్త్రం వదులుకుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: క్రియాశక్మం సున్నాను దాటడం బెర్న్‌స్టైన్ వాదానికి ఎందుకు విరుద్ధం?