అవుట్‌లైన్ ముందా, నవల ముందా?

నా ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ ఉంది. పేరు "నవల_ఫైనల్_వి7". అందులో 42 వరసలున్నాయి, వరసకో అధ్యాయం. పాత్రలకి ఒక ట్యాబ్, ఊరి మ్యాపుకి ఇంకో ట్యాబ్, ఏ సంవత్సరంలో ఎవరి వయసెంతో లెక్కేసే ఫార్ములాలు, అనుమానం ఉన్న గడులకి పసుపు రంగు. మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఇంతకీ రాసిన పేజీలెన్ని అంటారా? సున్నా.

మొన్నామధ్య ఒక ఆదివారం వి8 మొదలెట్టబోతూ ఆగిపోయా. అసలు పెద్ద పెద్ద నవలలు రాసినవాళ్లు ఏం చేసేవాళ్లు? అంతా ముందే గీసుకునేవాళ్లా, తోచింది తోచినట్టు రాసుకుంటూ పోయేవాళ్లా? అలా తవ్వుకుంటూ పోతే చాలా సంగతులు దొరికాయి. (రాయకుండా తప్పించుకోడానికి ఇది ఇంకో దారి అని మా ఆవిడ అభిప్రాయం. పూర్తిగా తప్పని చెప్పలేను.)

మన ఫీల్డులో ఇది పాత గొడవే కదా. ముందు రిక్వైర్‌మెంట్స్, తర్వాత డిజైన్, ఆ తర్వాతే కోడింగ్ అనే వాటర్‌ఫాల్ పద్ధతికి 1970లో విన్‌స్టన్ రాయ్స్ రాసిన పేపరే మూలం అంటారు. తమాషా ఏంటంటే, ఆయన ఆ మెట్ల బొమ్మ గీసి, ఇలా ఒకే దఫాలో పైనుంచి కిందకి దిగిపోవడం ప్రమాదం అని ఆ పేపర్లోనే చెప్పాడు. జనం బొమ్మ చూసుకుని వెళ్లిపోయారు, రాసింది చదవలేదు. 2001లో ఎజైల్ మానిఫెస్టో వచ్చేదాకా, వచ్చాక కూడా, మనం ఈ విషయమ్మీద కొట్టుకుంటూనే ఉన్నాం. నవలలు రాసేవాళ్లు ఇదే గొడవ రాయ్స్ కంటే నూరేళ్ల ముందే పడ్డారు.

ముందు డికెన్స్ సంగతి. 1836లో ఆయన "పిక్విక్ పేపర్స్" మొదలుపెట్టినప్పుడు ప్లాన్ అంటూ పెద్దగా ఏమీ లేదు. ఒక చిత్రకారుడు వేసే బొమ్మలకి తోడుగా కథ రాయమని పబ్లిషర్లు అడిగారు, ఈయన సరేనన్నాడు. నెలకో భాగం, భాగానికి 32 పేజీలు, వెల ఒక షిల్లింగు. నెలనెలా రాయడం, నెలనెలా అచ్చవడం. అంటే చివరి అధ్యాయం రాయకముందే మొదటి అధ్యాయం ప్రొడక్షన్‌లోకి వెళ్లిపోయిందన్నమాట. రోల్‌బ్యాక్ లేదు. మూడో నెలలో ఒకణ్ణి చంపేస్తే పదో నెలలో అవసరమైనా తిరిగి తేలేం.

పదేళ్లు ఇలా నెగ్గుకొచ్చాక, 1846లో "డాంబీ అండ్ సన్" నుంచి డికెన్స్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ప్రతి నెల భాగానికీ ఒక కాగితం. దాన్ని రెండు సగాలు చేసేవాడు. కుడివైపు ఆ భాగంలో వచ్చే అధ్యాయాలు, వాటిల్లో జరిగేవి. ఎడమవైపు ఆలోచనలు, తనని తాను అడుగుకునే ప్రశ్నలు. ఈ పాత్ర ఈ నెల రావాలా? ఆ విషయం ఇప్పుడే బయటపెట్టాలా? ఆ ప్రశ్నల పక్కనే జవాబులు: అవును, కాదు, ఇప్పుడే వద్దు. ఆ కాగితాలు ఇప్పటికీ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

నన్ను ఆపింది ఆ ఎడమ సగమే. నా షీట్‌లో 42 గడుల నిండా జవాబులే ఉన్నాయి. ప్రశ్నలకంటూ ఒక కాలమ్ లేదు.

పైగా డికెన్స్ ప్లాన్‌కి కట్టుబడ్డాడా అంటే అదీ లేదు. డాంబీలో వాల్టర్ గే అని ఒక మంచి కుర్రాడుంటాడు. వాడు మెల్లమెల్లగా చెడిపోయి పతనమైపోవడం చూపిద్దామా అని 1846లో తన స్నేహితుడు ఫార్‌స్టర్‌కి ఉత్తరం రాశాడు. తర్వాత ఆ ఆలోచన మానుకున్నాడు. నవల్లో వాల్టర్ చెడిపోడు సరికదా, చివరికి హీరోయిన్ని పెళ్లి చేసుకుంటాడు. 1870లో "ఎడ్విన్ డ్రూడ్" 12 భాగాలుగా రావాల్సి ఉండగా ఆరు భాగాలు రాసి డికెన్స్ చనిపోయాడు. కథలో డ్రూడ్ ఏమయ్యాడో తేల్చిచెప్పే కాగితం దొరకలేదు. నూటయాభై ఏళ్లు దాటినా జనం ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆయన ప్లాన్ ఎప్పుడూ రాతకి ఒకట్రెండు అడుగులే ముందు నడిచేది.

అదే కాలంలో ఇంకో ఇద్దరున్నారు. ఒకరు విల్కీ కాలిన్స్, ఇంకొకరు ఆంథొనీ ట్రోలప్. కాలిన్స్ "ది మూన్‌స్టోన్" (1868)లో ఒక వజ్రం మాయమైపోతుంది. కథని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకొస్తారు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడున్నారో లెక్క తప్పితే మొత్తం కూలిపోతుంది. అలాంటి కథకి చివర తెలియకుండా మొదలు రాయలేం. కాలిన్స్ మొదట్నుంచి చివరిదాకా చిన్న చిన్న వివరాలతో సహా ముందే కట్టుకుంటాడని ట్రోలపే తన ఆత్మకథలో రాశాడు. రాసి, నేను మాత్రం నవల మొదలెట్టేటప్పుడు అది ఎలా ముగుస్తుందో నాకే తెలీదు, పెద్దగా పట్టించుకోను కూడా అన్నాడు.

ఈ ట్రోలప్ మనలాగే ఉద్యోగి. బ్రిటిష్ తపాలా శాఖలో పెద్ద పని. అక్కడి జనానికి వీధిలో తపాలా పెట్టెని పరిచయం చేసినవాళ్లలో ఆయనొకడు (1852, జెర్సీ దీవి). తెల్లారి 5:30కల్లా బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున రాసి, తర్వాత ఆఫీసుకి వెళ్లేవాడు. వారానికి ఇన్ని పేజీలని డైరీలో గళ్లు గీసుకుని, రోజూ ఎన్ని రాశాడో వేసుకునేవాడు. తక్కువ రాసిన వారం ఆ అంకె తన మొహంలోకే చూస్తూ ఉండేది కదా, అదే శిక్ష. రైలు ప్రయాణాల్లో ఒళ్లో పలక పెట్టుకుని పెన్సిల్‌తో రాస్తే, వాళ్లావిడ సాపు రాసేది. మొత్తం 47 నవలలు. (ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని ఫోన్ చూసుకుంటూ "టైం ఎక్కడుంది?" అనే నాలాంటివాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవగలరు.)

అంటే ట్రోలప్‌కి ప్లాన్ లేదనలేం. కథకి లేదు, పనికి ఉంది. కాలిన్స్ ప్లాన్ చేసింది ఏం జరుగుతుందో. ట్రోలప్ ప్లాన్ చేసింది ఎప్పుడు ఎంత రాయాలో. నేను ఈ రెండూ ఒకటే అనుకుని మొదటిదాని మీదే ఆరేళ్లు కూర్చున్నా.

"ప్లానూ గీనూ ఏంటి, మేధావి అన్నవాడు ఏకధాటిగా రాసేస్తాడు" అనేవాళ్లు చూపించే ఉదాహరణ దోస్తోయెవ్‌స్కీ. అప్పుల్లో మునిగి 1865లో స్టెల్లోవ్‌స్కీ అనే పబ్లిషర్‌తో ఒప్పందం చేసుకున్నాడు. 1866 నవంబరు 1లోగా కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్లపాటు ఈయన రచనలన్నీ ఆ పబ్లిషర్ పైసా ఇవ్వకుండా వేసుకోవచ్చు. ఎంత ఘోరమైన పెనాల్టీ క్లాజో చూడండి. అక్టోబరు వచ్చేసరికి చేతిలో ఒక్క పేజీ లేదు. అప్పుడు అన్నా స్నీట్‌కినా అనే స్టెనోగ్రాఫర్‌ని పెట్టుకుని, 26 రోజుల్లో "ది గ్యాంబ్లర్" చెప్పేశాడు. తీరా ఇవ్వడానికి వెళ్తే పబ్లిషర్ ఊళ్లో లేడు. పోలీస్ స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకున్నాడు. తర్వాత కొన్ని నెలలకి ఆ స్టెనోగ్రాఫర్‌నే పెళ్లి చేసుకున్నాడు.

కానీ ఇందులో చాలామంది చెప్పని ముక్క ఒకటుంది. జూదరి కథ ఆలోచన ఆయన 1863లోనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. అంటే మనసులో మూడేళ్లు నానిందన్నమాట. మరి అలా నానని కథ సంగతేంటంటే, ఆ మరుసటేడు "ది ఇడియట్" కోసం నోటు పుస్తకాల్లో ప్లాన్ మీద ప్లాన్ రాశాడు. మొదట్లో ఆ ఇడియట్ గర్విష్ఠి, పగబట్టే మనిషి. 1867 డిసెంబరులో అదంతా అవతల పారేసి, కొద్ది రోజుల్లోనే కొత్తగా మొదలెట్టి, జనవరి కల్లా మొదటి అధ్యాయాలు పత్రికకి పంపేశాడు. అప్పుడు పుట్టాడు మనకి తెలిసిన మెత్తటి మనిషి, ప్రిన్స్ మిష్కిన్. ఆ పాత ప్లాన్లన్నీ వృథా అయ్యాయా? నాకలా అనిపించట్లేదు. ఎవరు కాదో తేలితేగానీ ఎవరో తేలలేదు.

ఇక్కడ మన విశ్వనాథ సత్యనారాయణ గారు గుర్తుకురాక మానరు. వెయ్యి పేజీల "వేయిపడగలు" 29 రోజుల్లో ఆయన చెబుతూ పోతే, తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాస్తూ పోయారని అంటారు. 1934 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో ఆ నవలకీ, అడివి బాపిరాజు గారి "నారాయణరావు"కీ కలిపి బహుమతి ఇచ్చారు. మనం 29 అనే అంకె చూసి నోరెళ్లబెడతాం. పోటీ గడువు ఒకటుందన్న సంగతి వదిలేస్తాం. ఆ 29 రోజుల వెనక ఎన్నేళ్ల చదువు, ఎన్నేళ్ల ఊరి జ్ఞాపకం ఉన్నాయో అసలు లెక్కెయ్యం.

సరే, ప్లాన్ వేసుకునేవాళ్లకి రారాజు ఎవరంటే ఫ్రాన్స్‌లో ఎమిల్ జోలా. ఒకే కుటుంబం మీద పది నవలలు రాస్తానని 1860ల చివర్లో పబ్లిషర్‌కి ప్లాన్ ఇచ్చాడు. అవి 1871 నుంచి 1893 దాకా 20 నవలలయ్యాయి. స్కోప్ క్రీప్ మనకే కాదు, జోలాకీ తప్పలేదు :) ప్రతి నవలకీ ఒక ఫైలు. అందులో తనతో తాను మాట్లాడుకుంటూ రాసిన చిత్తు, పాత్రల జాబితా, సేకరించిన వివరాలు, అధ్యాయాల ప్లాన్లు. అవి పారిస్‌లో జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. గని కార్మికుల నవల "జెర్మినల్" కోసం 1884 ఫిబ్రవరిలో సమ్మె నడుస్తున్న ఆన్జాఁ గనులకి వెళ్లి, గనిలోకి దిగి చూసొచ్చాడు. ఏప్రిల్‌లో రాయడం మొదలెట్టాడు. 1885లో పుస్తకం వచ్చేసింది. అంత భారీ తయారీకీ, మొదటి పేజీకీ మధ్య గడిచింది నెలలే, ఏళ్లు కాదు.

దీనికి పూర్తిగా ఎదురు సంగతి అమెరికాలో విలియం ఫాక్‌నర్‌ది. మిసిసిపీలో ఆయన ఇంటికెళ్తే రాసుకునే గది గోడ మీద "ఎ ఫేబుల్" నవల ప్లాన్ ఇప్పటికీ కనిపిస్తుంది. వారంలో ఏ రోజు ఏం జరుగుతుందో గోడ మీదే రాసుకున్నాడు, మన వైట్‌బోర్డులాగా. ఆ నవలకి పదేళ్లు పట్టింది. 1954లో వచ్చింది, పులిట్జర్ కూడా వచ్చింది. కానీ అదే మనిషి 1929లో పవర్‌హౌస్‌లో రాత్రి డ్యూటీ చేస్తూ, ఏడు వారాల్లోపే "యాజ్ ఐ లే డైయింగ్" రాసేశాడు. ఇవాళ జనం ఎక్కువగా చదివేది ఆ రెండోదే. గోడ ప్లాన్ వల్ల నవల చెడిందని అనను. ప్లాన్ ఎంత పెద్దదైతే నవల అంత గొప్పదవుతుందన్న గ్యారంటీ మాత్రం లేదు.

ఇదంతా చదివాక నాకర్థమైంది ఇది. ప్లాన్ చేసినవాళ్లూ గెలిచారు, చేయనివాళ్లూ గెలిచారు. కానీ వీళ్లలో దాదాపు అందరి కోసం ఎవరో ఒకరు ఎదురు చూస్తున్నారు. నెల తిరిగేసరికి పాఠకుడు, నవంబరు 1కి పబ్లిషర్, పోటీకి గడువు. ఎవరూ లేకపోతే ట్రోలప్‌లా గడియారం. ప్లాన్ వాళ్లకి రేపు రాయడానికి పనికొచ్చింది. రాస్తుంటే తప్పని తేలినప్పుడు కొట్టేశారు. నా ప్లాన్‌ని ఒక్క పేజీ కూడా పరీక్షించలేదు కాబట్టి ఆరేళ్లయినా అందులో ఒక్క తప్పూ బయటపడలేదు. టెస్టు చేయని కోడ్‌లో బగ్స్ లేవని చెప్పుకోవడం లాంటిదే ఇది.

నా నవల దివిసీమలో కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసిన మా తాతయ్య గురించి. 17వ వరస 1977 నవంబరు 19, ఉప్పెన రాత్రి. ఆ గడిలో "తాతయ్యని అడగాలి" అని రాసి పసుపు రంగు వేశా. ఆయన పోయి మూడేళ్లయింది. గడి ఇంకా పసుపు రంగులోనే ఉంది. నేను మాత్రం ఈ మూడేళ్లలో వి5, వి6, వి7 చేశాను.

పోయిన శనివారం ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యకి మడిచా. కుడివైపు "ఉప్పెన రాత్రి, తాతయ్య లాకు దగ్గర" అని రాశా. ఎడమవైపు ఒకటే ప్రశ్న: ఆ రాత్రి లాకు దగ్గర ఆయనతో ఇంకెవరున్నారు? పెద్దత్తయ్యకి ఫోన్ చేశా. అప్పటికి ఆవిడకి పన్నెండేళ్లు.

"మీ తాతయ్యా? ఆయన లాకు దగ్గర లేడురా. పొద్దున్నే పక్కూరు పెళ్లిచూపులకెళ్లి, గాలి మొదలయ్యాక రాలేక అక్కడ బళ్లో ఉండిపోయాడు. లాకు దగ్గరున్నది మీ నానమ్మ, మేమూను."

నా షీట్‌లో 17 నుంచి 23 దాకా వరసలు పోయాయి. నానమ్మకి పాత్రల ట్యాబ్‌లో ఒక్క లైనే ఉంది.

ఆ రాత్రి నాలుగు పేజీలు రాశా. వచ్చే శనివారం మళ్లీ ఫోన్ చేస్తానని పెద్దత్తయ్యకి చెప్పా. ఆవిడ ఎదురు చూస్తూ ఉంటుంది.