రోడ్సు ద్వీపములో రాజనీతి శాస్త్రజ్ఞుడు

పశ్చిమాఫ్రికా సముద్రతీరమున టోగోలాండు, దహోమీ అను రెండు దేశములు ప్రక్కప్రక్కన ఉండినవి. ఈనాటి పటములలో వాని పేర్లు టోగో, బెనిన్. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట దహోమీని, టోగోలాండులో అధిక భాగమును ఏలినది ఫ్రాన్సు దేశమే. కాని చట్టరీత్యా ఒక భేదము కలదు. దహోమీ ఫ్రాన్సుకు సొంత వలస. టోగోలాండు మాత్రము జర్మనీ చేజారి, నానాజాతి సమితి పక్షమున ఫ్రాన్సు సంరక్షించవలసిన ప్రాంతము. అక్కడి ప్రజల శ్రేయస్సును గురించి సమితికి ఏటేటా నివేదిక పంపవలెను. మరి ఈ నివేదికల వలన టోగోలాండు రైతుకు దహోమీ రైతుకంటె ఏమైనా మేలు కలిగినదా?

ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని 1932లో ఒక అమెరికన్ నీగ్రో యువకుడు (నాటి వాడుక మాట అది) ఆ రెండు దేశములలోను తిరిగినాడు. పేరులో తప్ప ఏలుబడిలో చెప్పుకోదగిన భేదము లేదని తేల్చినాడు. ఆ పరిశోధన గ్రంథమునకు 1934లో హార్వర్డు విశ్వవిద్యాలయము డాక్టరేటు పట్టమును, టాపన్ బహుమానమును ఇచ్చినది. రాజనీతి శాస్త్రములో అమెరికా విశ్వవిద్యాలయమునుండి ఆ పట్టము పొందిన తొలి ఆఫ్రికా సంతతి వ్యక్తి ఆయనయే. ఆయన రాల్ఫ్ బంచ్.

బంచ్ డెట్రాయిట్ నగరములో ఒక మంగలివాని ఇంట జన్మించినారు. తల్లి ఆరోగ్యము కొరకు కుటుంబము ఆల్బుకెర్కీ అను ఎడారి పట్టణమునకు తరలినది. అయినను 1917లో ఆమె కన్నుమూసినది. తండ్రి అంతకు మునుపే ఉపాధి వెదకుచు వెళ్లి, మరల కుటుంబములో కలియలేదు. అమ్మమ్మ లూసీ జాన్సన్ ఆ పిల్లలను లాస్ ఏంజెలిస్ చేర్చి పెంచినది. మనుమడు పాఠశాలలోను, కళాశాలలోను ప్రథముడుగా నిలిచినాడు. చదువు ఖర్చులకు వాకిళ్లు ఊడ్చు పని చేసినాడు. హార్వర్డుకు పోవలసి వచ్చినప్పుడు ఆ ఊరి నీగ్రో కుటుంబములు చందాలు వేసికొని వేయి డాలర్లు కూర్చి పంపినవి. 1928 నుండి వాషింగ్టనులోని హోవర్డు విశ్వవిద్యాలయములో రాజనీతి శాస్త్ర శాఖను నెలకొల్పి నడపినారు. 1937లో లండనులో ఉండగా, తరువాత కెన్యా అధ్యక్షుడైన జోమో కెన్యాట్టాయే ఆయనకు స్వాహిలీ భాష నేర్పినారు. ఆ పిమ్మట స్వీడను పండితుడు గున్నార్ మిర్డాల్ అమెరికాలోని వర్ణ సమస్యపై తలపెట్టిన మహాగ్రంథమునకు బంచ్ నాలుగు పెద్ద వివరణలు వ్రాసి ఇచ్చినారు.

ఇంతవరకు ఇది ఒక ఆచార్యుని జీవితము. రెండవ ప్రపంచయుద్ధము దీనిని మార్చినది. ఆఫ్రికా ఖండమును గురించి తెలిసినవారు అమెరికా ప్రభుత్వమునకు 1941లో కావలసి వచ్చినారు. అట్టివారు చాల అరుదు. బంచ్ యుద్ధసమాచార విభాగములోను, 1944లో విదేశాంగ శాఖలోను చేరినారు. 1945లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి నిబంధనావళి తయారగుచుండగా, వలస ప్రాంతములను గురించిన అధ్యాయముల రచనలో ఆయన చేయి కలదు. టోగోలాండులో కాగితము మీద మాత్రమే మిగిలిన సంరక్షణను ఆయన కన్నులారా చూచియుండినారు. కనుకనే క్రొత్త సమితి ఆ ప్రాంతములకు స్వయముగా పరిశీలకులను పంపవలెననియు, అక్కడి ప్రజల విన్నపములను నేరుగా వినవలెననియు వ్రాసికొన్నది. ఇది ఒక్కరి పని అనుట న్యాయము కాదు. కాని డాక్టరేటు గ్రంథము చట్టములోనికి ఇంతదూరము నడచి వచ్చుట అరుదు. ఆ మరుసటి సంవత్సరమే సమితిలోని ధర్మకర్తృత్వ శాఖకు ఆయన అధిపతియైనారు.

1947లో పాలస్తీనా వ్యవహారము వచ్చి పడినది. పదునొకండు దేశముల సంఘమొకటి అక్కడికి పోయినది. అందులో మన దేశమును ఉన్నది. మన ప్రతినిధి సర్ అబ్దుర్ రహమాన్. సంఘము రెండుగా చీలినది. అధిక సంఖ్యాకులు దేశమును విభజింపుడనిరి. భారతదేశము, ఇరాన్, యుగోస్లావియా మాత్రము యూదులు, అరబ్బులు కలిసియుండు ఒకే సమాఖ్య రాజ్యమును కోరినవి. వింత యేమనగా, ఈ రెండు ప్రతిపాదనల చిత్తులను తయారు చేసినది బంచ్ గారే! ఒకే చేతితో రెండు పక్షముల వాదమును న్యాయముగా వ్రాయగల నేర్పు అధ్యాపకవృత్తి నేర్పినదేమో.

ఆ నవంబరు 29న సమితి విభజనకే ఓటు వేసినది. 1948 మే 14న ఇజ్రాయెల్ రాజ్య ప్రకటన, ఆ మరునాడే చుట్టుపట్ల అరబ్బు రాజ్యములతో యుద్ధము. మధ్యవర్తిగా సమితి పంపిన స్వీడను ప్రభువు ఫోల్కె బెర్నడాట్‌ను సెప్టెంబరు 17న జెరూసలేములో యూదు తీవ్రవాదులు కారు ఆపి కాల్చి చంపినారు. ఆయనతో ఆనాడు ప్రయాణము చేయవలసిన బంచ్ దారిలో జరిగిన ఆలస్యము వలన వెనుకబడినారు. మృతుని పని ఆయన మీద పడినది.

ఇక్కడ ఒక మాట మనవి చేయుదుము. రేడియో వార్తలలో కాల్పుల విరమణ, విరామ సంధి, శాంతి సంధి అను మూడు మాటలు తరచు వినబడును. మూడును ఒకటియే అని అనేకులు తలచెదరు. తుపాకులను ఆపుట మొదటిది. సేనలు ఏ గీత దాటరాదో, ఖైదీలను ఎట్లు అప్పగింపవలెనో ఒప్పుకొని సంతకము చేయుట రెండవది. ఎవరి భూమి యెవరిదో, ఇండ్లు విడచినవారి గతి యేమో తేల్చుట మూడవది. రోడ్సు ద్వీపములో బంచ్ సాధింపబూనినది రెండవది మాత్రమే.

1949 జనవరి 13న రోడ్సులోని ఒక హోటలులో ఈజిప్టు, ఇజ్రాయెల్ ప్రతినిధులు వేర్వేరు అంతస్తులలో బస చేసినారు. ఒకరి ముఖము ఒకరు చూచుటకు మొదట ఒప్పుకొనలేదు. బంచ్ వారిచేత మొట్టమొదట సంతకము చేయించినది చర్చనీయాంశముల పట్టికపై. అందులో తగవు పడదగిన దేదియు లేదు. అయినను రెండు పక్షములు ఒక గదిలో కూర్చుండుటకు, ఒకే కాగితముపై వ్రాలు చేయుటకు అలవాటు పడవలెనని ఆయన ఎత్తు. చిన్న విషయమువలె కనబడును. మా దృష్టిలో ఆయన ప్రజ్ఞ అంతయు ఇందులోనే ఉన్నది.

అసలు చిక్కు ఫలూజా వద్ద. అక్కడ సుమారు నాలుగు వేల మంది ఈజిప్టు సైనికులు ముట్టడిలో చిక్కియుండినారు. తరువాత ఈజిప్టు నేతయైన గమాల్ అబ్దుల్ నాసర్ వారిలో నొకరు. వారిని గౌరవముగా వెళ్లనిచ్చిన గాని ఈజిప్టు సంతకము చేయదు. ఎడారిలో తాము గెలుచుకొన్న స్థానములను వదలుకొనుటకు ఇజ్రాయెల్ ఇష్టపడదు. బంచ్ ఆ అంతస్తునుండి ఈ అంతస్తునకు చిత్తులు మోయుచు, మాట మార్చి మాట కూర్చుచు, రాత్రులు తెల్లవార్చినారు. ఆ ఊరి కుమ్మరులచేత పింగాణి పళ్లెములు చేయించి, వానిపై ఈ చర్చల పేరు వ్రాయించి దాచినారట. ‘ఒప్పందము కుదిరినచో తలకొకటి బహుమానము, కుదరనిచో మీ తలలమీదనే పగులగొట్టెదను’ అని ప్రతినిధులతో పరిహాసమాడినట్లు చెప్పుదురు. 42 దినములకు, ఫిబ్రవరి 24న, పళ్లెములు పంచిపెట్టవలసి వచ్చినది.

లెబనాను మార్చి 23న, ట్రాన్సుజోర్డాను ఏప్రిల్ 3న, సిరియా జూలై 20న సంతకములు చేసినవి. ఈ కీర్తి అంతయు బంచ్‌కు కట్టబెట్టుట సరికాదు. ట్రాన్సుజోర్డాను విషయములో అసలు బేరము అబ్దుల్లా రాజు నివాసములో రహస్యముగా జరిగినది. రోడ్సులో జరిగినది చాలవరకు లాంఛనము. లెబనాను, సిరియాలతో చర్చలను సరిహద్దులవద్ద ఆయన సహచరులు నడపినారు.

1950లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము ప్రకటించినారు. ఆఫ్రికా సంతతివారిలో నోబెల్ బహుమానము పొందిన మొదటివారు ఆయనయే. ఉద్యోగధర్మముగా చేసినదానికి బహుమాన మెందుకని నిరాకరింపబోగా, సమితి ప్రధాన కార్యదర్శి ట్రిగ్వీ లీ నచ్చజెప్పి ఒప్పించినారు. ఆ సంకోచములో వినయము మాత్రమే కాక వివేకము కూడ ఉన్నదని మేము తలచుదుము. ఏలయన, ఒప్పందములలోని గీతలు రాజకీయ సరిహద్దులు కావని ఈజిప్టు ఒప్పందమే చెప్పుచున్నది. మూడవ మెట్టు ఎక్కుదురను ఆశతో రెండవ మెట్టు కట్టినారు. మూడవది రాలేదు. సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనా అరబ్బులు ఇండ్లు విడచి గుడారములలో ఉండగా, తాత్కాలికమైన గీతలు 1967 యుద్ధము వరకు నిలిచినవి. సేనలు సంతకము చేసినవి. శరణార్థులను ఆ బల్లవద్దకు ఎవరును పిలువలేదు. ఇది బంచ్ లోపము కాదు, ఆయనకు అప్పగించిన పనికి గల హద్దు. అయినను బహుమానముల జాబితా చదువునప్పుడు ఈ సంగతి మరువరాదు.

1949లోనే అధ్యక్షుడు ట్రూమన్ ఆయనను విదేశాంగ శాఖలో సహాయ కార్యదర్శిగా ఉండుమని పిలిచినారు. బంచ్ రానన్నారు. రాజధాని వాషింగ్టనులో నీగ్రోలకు వేరు బడులు, వేరు భోజనశాలలు. ఆ అవమానములకు తన బిడ్డలను మరల గురిచేయజాలనని కారణము దాచక చెప్పినారు. 1954లో ఆయన దేశభక్తినే శంకించి విచారణ జరిపి, దోషమేమియు లేదని ఏకగ్రీవముగా తేల్చినారు. 1959లో న్యూయార్కులోని ఒక పేరుపొందిన టెన్నిస్ క్లబ్బు ఆయన కుమారుని చేర్చుకొననన్నది. విషయము పత్రికల కెక్కిన పిమ్మట క్షమాపణ చెప్పి పిలిచినను వారు పోలేదు.

1956లో సూయజ్ సంక్షోభమప్పుడు సమితి తొలిసారిగా శాంతిసేనను కూర్చినది. దాని ఏర్పాటు, నిర్వహణ బంచ్ చేతిమీదుగానే జరిగినవి. మన సైనికులు అందులో పదేండ్లకు పైగా గాజా ఇసుకలో కాపలా కాచినారు. చివరి సేనాపతియు మన జనరల్ ఇందర్‌జిత్ రిఖ్యేయే. 1960లో కాంగోలో మాత్రము బంచ్‌కు చేదు అనుభవమే మిగిలినది. ప్రధాని లుముంబాకు ఆయనపై నమ్మకము కుదరలేదు. ఆ సెప్టెంబరులో అక్కడి బాధ్యతను మన రాజేశ్వర దయాళ్ స్వీకరించినారు. 1967 మేలో నాసర్ కోరగా శాంతిసేన గాజానుండి వైదొలగనారంభించినది. అది పూర్తిగా తరలకమునుపే జూన్‌లో యుద్ధము మొదలై, మన సైనికులు కొందరు అక్కడనే ప్రాణములు కోల్పోయినారు.

అప్పటికి బంచ్ మధుమేహముతో కృశించి, చూపు మందగించియుండినారు. అయినను 1965లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రక్కన, సెల్మా నుండి సాగిన ఊరేగింపు ముందువరుసలో నడచినారు. ఉద్యోగము చాలించెదనన్నప్పుడెల్ల ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ ఆపుచు వచ్చినారు. ఎప్పటికైనను పాఠములు చెప్పుకొనవలెనని ఆయన కోరిక యట. హార్వర్డు విశ్వవిద్యాలయము 1950లో ఆచార్య పదవి ఇచ్చియే యుండినది. సెలవుమీద సెలవు పెట్టి, ఒక్క పాఠమైనను చెప్పకయే 1952లో దానిని వదలుకొన్నారు. సమితి కొలువునుండి విముక్తి 1971లో గాని కలుగలేదు. ఆ డిసెంబరు 9న న్యూయార్కులో ఆయన మరణించినారు.