అభిమాని

మాదాపూర్ ఆఫీసుల క్యాంటీన్లలో మధ్యాహ్నం పూట ఒకే బల్ల చుట్టూ పాట్నా, కోల్‌కతా, కోళికోడ్, ఖమ్మం కూర్చుని అన్నం తింటాయి. ఆ బల్ల మీద ‘అభిమానం’ అనే మాట పెట్టి చూడండి. పాట్నా వారికి అది అహంకారం. 1973లో అమితాబ్, జయ నటించిన ‘అభిమాన్’ చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. భార్య పాటకు తనకన్నా ఎక్కువ పేరొస్తే ఓర్వలేని భర్త కథ అది. కోళికోడ్ వారికి అది పదిమందిలో తలెత్తుకునేలా చేసే సంతోషం. కోల్‌కతా వారికి మన అలకకన్నా లోతైనది: మనసుకు దగ్గరైనవారే పట్టించుకోకపోతే, అడగనూ లేక మరవనూ లేక పడే బాధ. ఖమ్మం వారికి మాత్రం ముందుగా తట్టేది ఇష్టమే. “ఆ రచయితంటే నాకు భలే అభిమానమండీ” అంటారు.

ఇష్టమైన పుస్తకంలోని పాత్రలను తీసుకుని పాఠకుడే కొత్త కథ అల్లడాన్ని ఇప్పుడు ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. దాన్ని తెలుగులో ‘అభిమాన కథ’ అనవచ్చునా? ఆ ప్రశ్నే నన్ను ఈ మాట వెంట తిప్పింది.

‘అభి’ ఉపసర్గ, ‘మన్’ ధాతువు. మన్ అంటే తలచడం. మనసు, మతి, మననం, మంత్రం, మీమాంస అన్నీ దాని సంతానమే. లాటిన్ ‘మెన్స్’, ఇంగ్లీషు ‘మైండ్’, గ్రీకు ‘మేనియా’ దూరపు దాయాదులు. కొలమానంలోని మానం మాత్రం ఈ వంశానిది కాదు. దాని ధాతువు ‘మా’, అంటే కొలవడం. ‘అభి’ అంటే వైపు. కాబట్టి అభిమానం అంటే ఒకదాని వైపు మనసు తిప్పి తలచడం. ఎటు తిప్పాం అన్నదే అసలు సంగతి.

మొదట్లో ఆ మనసు తన వైపే తిరిగింది. సాంఖ్యకారిక అహంకారాన్ని నిర్వచించాల్సి వచ్చినప్పుడు, అభిమానమే అహంకారం అని తేల్చేసింది. భగవద్గీత పదహారో అధ్యాయంలో ఆసుర గుణాల వరసలో దంభం, దర్పం పక్కన అభిమానం కనిపిస్తుంది. కొన్ని ప్రతుల్లో అక్కడ ‘అతిమానం’ అని పాఠాంతరం ఉంది. ఏ పాఠం పట్టుకున్నా అది మెప్పు మాట కాదు.

అమరసింహుడూ ఒకచోట దీన్ని గర్వానికి పర్యాయపదంగా చెప్పి వదిలేశాడు. కానీ నానార్థవర్గానికి వచ్చేసరికి ఇదే మాటకు నాలుగు అర్థాలు ఇచ్చాడు: ధనం వంటి వాటివల్ల వచ్చే దర్పం, జ్ఞానం, ప్రణయం, హింస. చివరి రెండింటినీ ఒకే సమాసంలో బిగించాడు. అమరకోశంలో నేను ఎప్పుడు చూసినా ఆగిపోయే చోటు ఇది. హింస అన్న అర్థం ఆయన కల్పించింది కాదు. ఋగ్వేదంలో ‘అభిమాతి’ అంటే శత్రువు. ఒకరి వైపు మనసు తిప్పడం వాళ్ళ మేలు కోసమే కానక్కర్లేదని ఈ మాటకు పుట్టుకతోనే తెలుసు.

ప్రణయం, హింస ఒకే మాటలో ఎలా ఇముడుతాయో చూడాలంటే శరత్ ‘దేవదాసు’ తెరవాలి. రాత్రివేళ తనంతట తానే వచ్చి పెళ్ళాడమని అడిగిన పార్వతి, తర్వాత చెరువు గట్టున దేవదాసే వచ్చి అడిగితే కాదంటుంది. అతను గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. ఆ మచ్చ ఆమెకు జీవితాంతం ఉంటుంది. బెంగాలీవారి అభిమానం అంతా ఆ గట్టు మీద ఉంది. శరత్‌ను మనవాళ్ళు తెలుగు రచయితలాగే చదువుకున్నారు, చక్రపాణి వంటి అనువాదకుల పుణ్యాన. పార్వతి ‘కాదు’ మనకు వెంటనే అర్థమవడానికి కారణం ఉంది. “అభిమానం అడ్డొచ్చింది”, “అభిమానం చంపుకొని వెళ్ళాను” అన్నప్పుడు తెలుగులోనూ ఆ పాత అర్థం ఊపిరి పీలుస్తూనే ఉంది. దుర్యోధనుణ్ణి అభిమానధనుడు అంటాం. కనకపోయినా కొడుకుగా చూసుకునేవాణ్ణి అభిమానపుత్రుడు అంటాం. ఒకటి తన వైపు, రెండోది ఎదుటివారి వైపు. రెండు దిక్కులనూ తెలుగు వదులుకోలేదు.

ఇంగ్లీషు ‘ఫ్యాన్’ మరో దారిన వచ్చింది. లాటిన్‌లో ‘ఫానుం’ అంటే గుడి. గుడిలో పూనకం వచ్చినవాడు ‘ఫనాటికస్’. ఆ మాటను కుదించి పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో బేస్‌బాల్ చూసేవాళ్ళకు తగిలించారు. మన ‘వీరాభిమాని’ కూడా వీరశైవుల, వీరవైష్ణవుల వరసలోనే నిలబడతాడు. కన్నడ రాజ్‌కుమార్ ఈ గుడిని తిరగేశారు: తన అభిమానులను ‘అభిమాని దేవరుగళు’ అనేవారు. దేవుడు భక్తులకు దండం పెట్టాడన్నమాట.

పుస్తకాల్లోనూ చదువరే కవి స్థానంలోకి వెళ్ళి అలా తిరగేసిన సందర్భాలున్నాయి. అన్నిటికంటే నాకు గొప్పగా తోచేది ఎర్రన చేసిన పని. పదకొండో శతాబ్దంలో మహాభారతాన్ని తెలుగు చేస్తూ నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ సగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన ఆ ఖాళీలోకి దిగాడు. తన ప్రభువు ప్రోలయ వేమారెడ్డి ఉండగా, చనిపోయి మూడు వందల ఏళ్ళకు దగ్గరవుతున్న రాజరాజనరేంద్రుడికే దాన్ని అంకితమిచ్చాడు, నన్నయ తలపెట్టిన పని గనుక. నన్నయ శైలిలో మొదలై, మెల్లగా రంగు మారుతూ తిక్కన శైలికి చేరుకునేలా నడిపాడు. అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపడం కష్టం. అమరుడు చెప్పిన ‘జ్ఞానం’ ఇదే అనుకుంటాను. ఒకరిని ఇంతగా చదివితే తప్ప వారి గొంతుతో మాట్లాడలేం.

ఎర్రన పూరించింది కవి వదిలేసిన భాగం. పేరు తెలియని తెలుగు ఆడవాళ్ళు పూరించింది కవికి తట్టని భాగం. లక్ష్మణుడు అడవికి పోతే ఊర్మిళ ఏం చేసిందో వాల్మీకి చెప్పలేదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట చెప్పింది: పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. తిరిగొచ్చిన మగణ్ణి ఆమె గుర్తుపట్టక పరాయివాడివని బెదిరిస్తుంది. రోకలి చేత పట్టుకునో, ఊయల ఊపుతూనో పాడుకున్నవాళ్ళు ఆమె తరఫున లక్ష్మణుణ్ణి అడగాల్సింది అలా అడిగేశారు. 2015లో సాహిత్య అకాదెమీ పురస్కారం పొందిన ఓల్గా ‘విముక్త’ ఈ పాటలకు చదువుకున్న మనవరాలు. సీతను శూర్పణఖ దగ్గరికి, అహల్య దగ్గరికి, ఊర్మిళ దగ్గరికి తీసుకెళ్ళింది. మూలంలో ఎదురుపడని, ఎదురుపడినా మాట్లాడుకోని ఆడవాళ్ళ చేత మాట్లాడించడం అభిమాని మాత్రమే చేయగల సాహసం.

హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే హఫీజ్‌పేట, చందానగర్ దాటాక లింగంపల్లి. అక్కడ సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన నాటక కుటుంబాలవారు అక్కడ ఉంటున్నారు. వాళ్ళు తరతరాలుగా ఆడే ‘మాయాబజార్’కు మహాభారతంలో ఆధారం వెతకండి. దొరకదు. వ్యాసుడి అభిమన్యుడు ఉత్తరను పెళ్ళాడాడు. బలరాముడి కూతురు శశిరేఖ ఆ గ్రంథంలోనే లేదు. ఘటోత్కచుడు పెళ్ళికూతురు వేషం వేయనూ లేదు. పొరుగు భాషల్లో ఆ పిల్ల పేరు వత్సల. మనవాళ్ళు శశిరేఖ అన్నారు, నాటకాలాడారు, 1957లో విజయా సంస్థ సినిమా తీస్తే ఇంటిపిల్లను చేసుకున్నారు. పద్మవ్యూహంలో చిక్కుకుని చచ్చిపోబోయే కుర్రాడికి ముందుగా ఒక్క వెన్నెల రాత్రి ఇవ్వాలనిపించింది ఎవరికో. ఆ ఒక్కరికి నేను రుణపడి ఉన్నాను. అన్నట్టు, ‘అభిమన్యు’లోని మన్యువూ మన్ ధాతువు బిడ్డే. అభిమన్యుడూ అభిమానీ ఒకే ఇంటివాళ్ళు.

నవ్వించడానికి పుట్టిన అభిమానమూ ఉంది. ముళ్ళపూడి ‘గిరీశం లెక్చర్లు’లో గురజాడ గిరీశం సినిమాల మీద ఉపన్యాసాలిస్తాడు. పాత్ర ఎంత బతికున్నదో తెలియడానికి అంతకంటే మంచి పరీక్ష లేదు: దాన్ని కొత్త కాలంలోకి తెచ్చి మాట్లాడించు, గొంతు మారకుండా మాట్లాడుతుందా చూడు. గిరీశం మాట్లాడాడు.

రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ ఎదిరించే వైపుది. విశ్వనాథ ‘కల్పవృక్షం’ పేరునే తిరగేసి, 1970ల్లో మూడు సంపుటాలు రాశారు. ఆవిడ రామాయణాభిమాని కాదు. వేదపు ‘అభిమాతి’ ఆవిడకు సరిపోతుంది. కానీ పొగిడేవాళ్ళలో చాలామంది చదవనంత శ్రద్ధగా చదివారు. శత్రువు చూపు మూలం మీంచి పక్కకు పోదు.

అమీర్‌పేట నుంచి రాయదుర్గం పోయే మెట్రోలో ఇప్పుడు ఫోన్ తెర మీద కథలు చదువుతూ, రాస్తూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళున్నారు. తమకు నచ్చిన సీరియల్ జంటకో సినిమా జంటకో దర్శకుడు ఇవ్వని ముగింపు ఇస్తారు. అది సాహిత్యమా అని మూతి విరిచేవారితో నాకు పేచీ. ఊర్మిళ పాటను కూడా అలాగే వంటింట్లో వదిలేశారు. అయితే ఆ కథల్లో చాలావాటి మీద నా ఫిర్యాదు ఒకటుంది: ప్రణయం ఉంటుంది, జ్ఞానం ఉండదు. జంటను మళ్ళీ కలుపుతారు, మళ్ళీ పెళ్ళి చేస్తారు. ఆ పాత్ర అలా ఎందుకు మాట్లాడుతుందో వినరు. హింస అసలే ఉండదు. ఇష్టమైన పాత్రను నొప్పించలేని అభిమాని రాసిన కథలో ఆ పాత్రకు కొత్తగా ఏమీ జరగదు.

ఇక పేరు. ‘అభిమాన కథ’ అంటే రాసినవాడి ఇష్టమే వినబడుతుంది, రాసిన పని వినబడదు. పండితులకు ‘ప్రక్షిప్తం’ అన్న మాట ఉంది. అంటే లోపలికి విసిరినది. దొంగను పట్టుకున్న మాట అది. ఎర్రన చేసిన పనికి మనం ఇచ్చిన పేరు ‘అరణ్యపర్వ శేషం’. శిష్ ధాతువు, మిగలడం. వారపత్రికల సీరియల్ చివర ‘సశేషం’ అని చూసి వచ్చే వారం కోసం కాచుకున్న తరానికి ఈ మాట కొత్త కాదు. గుడిలో దేవుడికి కట్టి మనకిచ్చేది శేషవస్త్రం. ‘ఫానుం’ గుడి కూడా అందులో ఉంది. అందుకే నా ఓటు ‘శేషం’ అన్న మాటకే. ‘కన్యాశుల్కం’ చివర గిరీశానికి, బుచ్చమ్మకు దారులు చూపించారు. మధురవాణి ఆ తర్వాత ఎక్కడ ఉన్నదీ, ఎలా బతికిందీ గురజాడ చెప్పలేదు. ఎవరైనా బాగా చదివి రాస్తే దాని అట్ట మీద ‘మధురవాణి శేషం’ అని వేయొచ్చు.