మన్యం రక్తమూ, లింఫోసైటు ఎంజైమూ

అరకు లోయను తనలో కలుపుకొన్న విశాఖ మన్యాన్ని బ్రిటిషు పాలకులు 1839లో ఒక ప్రత్యేక చట్టం ద్వారా సాధారణ న్యాయపాలన నుంచి వేరుచేసి ఏజెన్సీగా ఏర్పరచిన నాటి నుంచి, బయటి అధికారుల రాతల్లో ఆ ప్రాంతం ప్రధానంగా జ్వరాల నేలగానే కనిపిస్తుంది. 1879-80 నాటి రంప తిరుగుబాటును అణచడానికి వెళ్లిన దళాలను పోరాటంకన్నా మన్యపు జ్వరమే ఎక్కువగా కుంగదీసింది. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో కనుగొన్న తరువాత, అరకుకు ఆనుకొని ఉన్న జయపురం కొండల్లో పెరీ అనే పరిశోధకుడు, ఆయన తరువాతి తరంలో బెంగాల్ నాగపూర్ రైల్వేకు చెందిన సీనియర్ వైట్ ఆ జ్వరం వ్యాపించే తీరును శాస్త్రీయంగా పరిశీలించారు. కొండవాగుల అంచుల్లో మెల్లగా పారే తేటనీటిలో పెరిగే ఫ్లూవియాటిలిస్ జాతి అనాఫిలిస్ దోమ అక్కడి జ్వరానికి ముఖ్యవాహకమని ఈ పరిశీలనల ద్వారా స్పష్టపడింది.

ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో పరిశోధకుల దృష్టి వాగు నుంచి మనిషి రక్తానికి మళ్లింది. నీలగిరి ఆదివాసుల్లో కొడవలి ఆకారపు ఎర్రకణాలున్నట్టు లేమన్, కట్‌బుష్ 1952లో వెల్లడించారు. ఈ లక్షణాన్ని తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే పొందినవారికి ప్రమాదకరమైన మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుందని ఎలిసన్ 1954లో నిరూపించాడు. స్మితీస్ 1955లో రూపొందించిన పిండిజెల్ ఎలక్ట్రోఫోరెసిస్ పద్ధతి, అంటే విద్యుత్తు ప్రవహించే పిండిపదార్థపు పలకపై ప్రోటీన్లు వేర్వేరు వేగాలతో కదిలి విడివడే ప్రక్రియ, ఎర్రకణాల్లోని ఎంజైముల వంశపారంపర్య భేదాలను తేలికగా చూపసాగింది. ఈ సాధనంతోనే చెంచులను గూర్చీ, తెలంగాణ తెగలను గూర్చీ, జాలరులను గూర్చీ అధ్యయనాలు వెలువడ్డాయి. కొండదొర, బగత, వాల్మీకి, పోర్జ, గదబ వంటి తెగలు నివసించే మన్యంలో సైతం ఆంధ్ర విశ్వవిద్యాలయపు మానవశాస్త్రజ్ఞులు రక్తలక్షణాలను నమోదు చేశారు. ఆనాటి ప్రశ్న ఏ తెగ ఏ తెగకు దగ్గర అన్నది. ఆ రక్తాన్ని ఇచ్చిన వ్యక్తి ఆరోగ్యం మాత్రం చాలా పట్టికల అంచుల్లోనే ఉండిపోయిందని చెప్పక తప్పదు.

అయితే వంశవృక్షాలు గీయడానికి వాడిన ఇదే పద్ధతి నుంచి రోగనిరోధక శాస్త్రంలో ఒక పెద్ద మలుపు పుట్టింది. స్పెన్సర్, హాప్కిన్సన్, హారిస్ 1968లో వంశభేదాలను గుర్తించిన ఎర్రకణ ఎంజైముల్లో ఎడినోసిన్ డీఅమినేజ్ ఒకటి. సియాటిల్‌లో రక్తవర్గాల నిపుణురాలైన ఎలోయిస్ గిబ్లెట్, తీవ్రమైన రోగనిరోధక లోపంతో బాధపడుతున్న ఇద్దరు పిల్లల రక్తంలో ఆ ఎంజైము జాడే లేదని 1972లో ప్రకటించింది. ఎర్రకణంలో కొలిచిన లోపానికి తెల్లకణం బలి కావడమెందుకన్న ప్రశ్న అక్కడి నుంచి మొదలైంది.

దానికి సమాధానం న్యూక్లియోసైడ్ల పునర్వినియోగంలో ఉంది. న్యూక్లియోసైడ్ అంటే నత్రజని క్షారమూ చక్కెరా కలిసిన అణువు. దానికి ఫాస్ఫేటు చేరితే డీఎన్ఏ కట్టడానికి పనికివచ్చే న్యూక్లియోటైడ్ అవుతుంది. కణం ఈ పదార్థాన్ని మొదటి నుంచి తయారుచేసుకోగలదు. లేదా పాత ఇల్లు విప్పినప్పుడు దక్కిన దూలాలనూ పెంకులనూ కొత్త కట్టడంలో వాడుకున్నట్టు, శిథిలమైన కణాల నుంచి దొరికిన న్యూక్లియోసైడ్లకు ఫాస్ఫేటు తగిలించి వాడుకోగలదు. లింఫోసైట్లనే తెల్లకణాల్లో ఈ రెండవ పనిని చురుకుగా చేసే ఎంజైము డీఆక్సీసైటిడిన్ కైనేజ్. డీఅమినేజ్ లేనప్పుడు డీఆక్సీఎడినోసిన్ అనే న్యూక్లియోసైడ్ పేరుకుపోతుంది. కైనేజ్ దానికి ఫాస్ఫేటు తగిలిస్తుంది. చివరికి ఏర్పడే ట్రైఫాస్ఫేటు, డీఎన్ఏ ముడిసరుకును అందించే రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ ఎంజైమును అడ్డగించి కణాన్ని చంపుతుంది. లింఫోసైటుకున్న బలమైన పునర్వినియోగ శక్తే ఈ విధంగా దాని మరణానికి దారితీస్తుంది.

ఈ కైనేజ్‌ను శుద్ధిచేయడం చిరకాలం కష్టసాధ్యంగా ఉండిపోయింది, ఎందుకంటే కణంలో దాని పరిమాణం అత్యల్పం, వేడికీ కాలానికీ అది త్వరగా చెడిపోతుంది. ల్యుకేమియా రోగి ప్లీహంలో తెల్లకణాలు కిక్కిరిసి ఉంటాయి గనుక, స్వీడన్‌కు చెందిన బోమన్, ఎరిక్సన్ ఆ కణజాలాన్నే ఎంచుకొని 1988లో శుద్ధమైన ఎంజైమును సాధించారు. ఇటువంటి శుద్ధిలో కణజాలాన్ని చల్లని ద్రావణంలో నలిపి, విద్యుదావేశాన్ని బట్టి ప్రోటీన్లను వేరుచేసే గొట్టాల గుండా పంపి, ఎంజైము తానుగా అంటుకునే అణువును పూసలకు తగిలించిన అనుబంధ స్తంభంలో దాన్ని పట్టి నిలపడం సాధారణ క్రమం. ప్రతి దశలోనూ క్రియాశీలతను కొలవడానికి రేడియోధార్మిక న్యూక్లియోసైడ్‌ను వాడతారు. ఫాస్ఫేటు చేరిన అణువులు ధనావేశపు వడపోత కాగితాన్ని అంటుకొని ఉండగా, మిగిలినవి కడిగేస్తే పోతాయి. సుమారు 30,000 అణుభారం గల రెండు ఉపభాగాలు కలిసి ఈ ఎంజైము ఏర్పడుతుందనీ, ఒకే ప్రోటీను డీఆక్సీసైటిడిన్‌తో పాటు డీఆక్సీఎడినోసిన్, డీఆక్సీగ్వానోసిన్‌లకు కూడా ఫాస్ఫేటు తగిలిస్తుందనీ తేలింది. ల్యుకేమియాకు వాడే సైటరబిన్‌ను చురుకైన మందుగా మార్చేదీ ఇదే.

కైనేజ్ తగిలించే ఆ ఫాస్ఫేటు తరచుగా కణానికి శక్తినందించే ఏటీపీ నుంచి వస్తుంది. దాన్ని 1929లో జర్మనీకి చెందిన లోమన్‌తో సమాంతరంగా కండరం నుంచి వెలికితీసినవారు హార్వర్డులో ఫిస్క్, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే వారి 1925 నాటి పద్ధతి ఎంజైము శాస్త్రంలో దశాబ్దాల పాటు నిత్యసాధనంగా నిలిచింది. తెలుగువారి విజ్ఞాన చరిత్రలో సుబ్బారావు పేరును మందుల జాబితాతో ముగించడం అన్యాయం. ఆయన అసలు క్షేత్రం ఈ ఫాస్ఫేటు రసాయనమే.

పునర్వినియోగం కథ మన్యానికి తిరిగి వచ్చే దారులు ఒకటికన్నా ఎక్కువ: మలేరియా, క్షయ, కొడవలి కణ వ్యాధి. మలేరియా పరాన్నజీవి డీఎన్ఏకు అవసరమైన ప్యూరిన్లను మొదటి నుంచి తయారుచేసుకోలేదు. ఎర్రకణంలోని హైపోజాంథిన్ వంటి పదార్థాలను దోచుకొని బతుకుతుంది గనుక, దాని పునర్వినియోగ ఎంజైములు మందులకు లక్ష్యాలయ్యాయి. క్షయ వల్ల ఊపిరితిత్తుల పొరలో నీరు చేరినప్పుడు మోనోసైట్ల నుంచి వెలువడే డీఅమినేజ్ రెండవ రూపం ఆ నీటిలో పెరుగుతుంది; లీటరుకు 40 యూనిట్లు దాటితే క్షయను అనుమానించే పరీక్ష దేశమంతటా వాడుకలో ఉంది. కొడవలి కణ వ్యాధికి ఇచ్చే హైడ్రాక్సీయూరియా, ట్రైఫాస్ఫేటు అడ్డగించిన ఆ రిడక్టేజ్ ఎంజైమునే అడ్డుకొంటూ పిండదశ హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది. దానికి తోడుగా రోగులకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసినది లెడర్లీ ఔషధ సంస్థలో సుబ్బారావు నేతృత్వంలోని బృందం. ఎర్రకణాలు నిరంతరం విచ్ఛిన్నమవుతుంటే ఎముకమజ్జ కొత్త డీఎన్ఏను కట్టుకోవడానికి ఆ విటమిన్ అవసరమవుతుంది.