రైలు నిబంధనలు, నూతన యంత్రాలు: బ్రిటిష్ పాలనా కాలపు ప్రభుత్వ ప్రకటనలు

(ప్రత్యేక వ్యాసం)

రైలుబండి కదలడానికి ఇంజను, బొగ్గు, పట్టాలు ఉంటే చాలదు, ఒక ప్రకటన కూడా ఉండాలని 1890 నాటి భారత రైల్వేల చట్టం నిర్దేశించింది. మార్గానికి అవసరమైన సాధారణ నిబంధనలు రూపొంది, ప్రభుత్వ ఆమోదం పొంది, ప్రచురితమయ్యే వరకు ఆవిరితో గాని మరే ఇతర చోదక శక్తితో గాని ఆ మార్గంపై బండ్లను నడపరాదని ఆ చట్టంలోని 16వ సెక్షను శాసించింది. నూతన యంత్రాలను కనిపెట్టిన వారి హక్కులకు సంబంధించి 1856లో వచ్చిన తొలి చట్టం కూడా ఇదే మార్గాన్ని అనుసరించింది. యంత్రం వివరాలను రహస్యంగా దాచుకొనక ప్రభుత్వానికి దాఖలు చేసిన వారికే ప్రత్యేక హక్కు లభించేది.

ఆ కాలపు గెజిట్ ప్రకటన కేవలం సమాచారం అందించే కాగితం కాదు. నిబంధనకు ప్రాణం పోసేది, హక్కుకు ఆధారమయ్యేది ఆ ప్రకటనయే. అయితే ప్రకటించడం వేరు, ప్రజలకు తెలియజేయడం వేరు. ఈ రెండింటి మధ్య గల అంతరం సామాన్య ప్రయాణికునిపై ఎంత భారం మోపిందో నాటి చట్టాలను, అనుభవాలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు అవగతమవుతుంది.

చట్టాల క్రమం

దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందర్ నుండి ఠాణా వరకు నడిచింది. మరుసటి సంవత్సరమే, 1854లో, రైల్వేలకు సంబంధించిన తొలి చట్టం వెలువడింది. దక్షిణాదిన 1856 జూలై 1న మద్రాసులోని రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు తొలి మార్గం ప్రారంభమైంది. మార్గాలు, కంపెనీలు పెరిగిన కొలదీ 1854 చట్టం చాలక, దాని స్థానంలో 1879లో మరొక చట్టం, 1890లో తొమ్మిదవ నంబరు చట్టం వచ్చాయి. 1890 మే 1న అమలులోకి వచ్చిన ఈ చివరి చట్టం స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగింది. 1989 నాటి రైల్వేల చట్టం 1990 జూలై 1న అమలులోకి రావడంతో దాని శకం ముగిసింది. అనగా వంద సంవత్సరాలకు పైగా ఈ దేశ ప్రయాణికులు ఆ ఒక్క చట్టం నీడలోనే ప్రయాణించారు.

నిబంధన ఎప్పుడు చెల్లుబాటయ్యేది

1890 చట్టంలో 47వ సెక్షను కీలకమైనది. బండ్ల వేగం, నడిపే పద్ధతి, ప్రయాణికుల వసతి, సామానుల రవాణా, ప్రమాదకర సరకుల నిర్వచనం, అంటువ్యాధులు గల వారి ప్రయాణం, సిబ్బంది ప్రవర్తన మొదలైన అంశాలపై సాధారణ నిబంధనలను రూపొందించే బాధ్యతను ఈ సెక్షను రైల్వే కంపెనీలపై ఉంచింది. నిబంధనను ఉల్లంఘించిన వారికి 50 రూపాయలకు మించని జరిమానా విధించవచ్చునని కూడా పేర్కొన్నది.

అదే సమయంలో కంపెనీల స్వేచ్ఛకు రెండు హద్దులు గీసింది. గవర్నర్ జనరల్ ఇన్ కౌన్సిల్ ఆమోదం లేనిదే, గెజిట్ ఆఫ్ ఇండియాలో ప్రచురితం కానిదే ఏ సాధారణ నిబంధనా చెల్లదు. అమలులో ఉన్న నిబంధనల ప్రతిని ప్రతి స్టేషనులో ఉంచి, ఎవరు అడిగినా తగిన వేళల్లో రుసుము లేకుండా చూడనివ్వాలి.

స్టేషనులోను, బండిలోను కనిపించవలసినవి

ప్రయాణికుల కంట పడవలసిన విషయాలను చట్టం విడిగా పేర్కొన్నది. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

* 65వ సెక్షను: బండ్ల వేళల పట్టికను, ఛార్జీల పట్టికను స్టేషనులో అందరికీ కనిపించే చోట ఇంగ్లీషులోను, ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న దేశభాషలోను అతికించాలి.
* 63వ సెక్షను: ఒక్కొక్క గదిలో ఎందరు ప్రయాణించవచ్చునో నిర్ణయించి, ఆ సంఖ్యను స్పష్టంగా రాయాలి.
* 64వ సెక్షను: 1891 జనవరి 1 నుండి ప్రతి ప్రయాణికుల బండిలో అతి తక్కువ తరగతిలో కనీసం ఒక గదిని స్త్రీలకు కేటాయించాలి. బండి 50 మైళ్లకు మించి ప్రయాణించేదైతే అటువంటి ఒక గదిలో మరుగుదొడ్డి ఉండాలి.
* 62, 108 సెక్షన్లు: ప్రయాణికులు బండి సిబ్బందికి సంకేతం ఇచ్చే ఏర్పాటుకు 62వ సెక్షను, దానిని తగిన కారణం లేక వాడితే 50 రూపాయల వరకు జరిమానాకు 108వ సెక్షను ఆధారం. గొలుసు పక్కన దశాబ్దాల పాటు కనిపించిన హెచ్చరికకు మూలం ఇదే.
* 110వ సెక్షను: ప్రత్యేకించిన గదిలో తప్ప, తోటి ప్రయాణికుల సమ్మతి లేక పొగ త్రాగితే 20 రూపాయల వరకు జరిమానా.

ఇక్కడ గమనించదగిన భేదం ఒకటి కలదు. వేళల పట్టిక, ఛార్జీల పట్టిక దేశభాషలో ఉండి తీరాలని చట్టం ఆదేశించింది. జరిమానాలు విధించే సాధారణ నిబంధనల ప్రతి విషయంలో మాత్రం భాష ప్రస్తావన తేలేదు. ఏ బండి ఎప్పుడు వచ్చునో, టికెట్టు ఎంతో తెలుగులో చదువుకొనగలిగిన ప్రయాణికునికి, ఏ పనికి జరిమానా పడునో తన భాషలో తెలుసుకొనే హక్కు ఆ సెక్షను ద్వారా లభించలేదు. పైగా 1901 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యత సుమారు 5 శాతం మాత్రమే. తెలుగులో అతికించిన పట్టికను సైతం అత్యధికులు మరొకరితో చదివించుకొనవలసి వచ్చేది.

రాసిన సంఖ్య, ఎక్కిన సంఖ్య

63వ సెక్షను ప్రకారం గది తలుపు వద్ద రాసిన సంఖ్యకు ఆచరణలో ఎంత విలువ ఉండేదో మహాత్మా గాంధీ 1917లో రాసిన మూడవ తరగతి ప్రయాణాల చిన్న పుస్తకం తెలియజేస్తుంది. ఆ సంవత్సరం సెప్టెంబరులో ఆయన 13 రూపాయల 9 అణాలు చెల్లించి బొంబాయి నుండి మద్రాసుకు మెయిలు బండిలో ప్రయాణించారు. ఆయన ఎక్కిన పెట్టెపై 22 మంది అని రాసి ఉన్నది. రాయచూరు దాటిన పిమ్మట రద్దీ భరింపరానిదైనదని, సిబ్బంది వచ్చినది మరింత మందిని లోపలికి నెట్టడానికేనని ఆయన పేర్కొన్నారు.

నిండిన గదిలోకి ప్రయాణికులను బలవంతంగా ఎక్కించే ఉద్యోగికి 20 రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని అదే చట్టంలోని 102వ సెక్షను అప్పటికే 27 సంవత్సరాలుగా చెబుతున్నది. కంపెనీలు తమ బాధ్యతలను నెరవేర్చకపోతే ప్రభుత్వానికి సొమ్ము చెల్లించాలని కూడా చట్టంలో ఉన్నది. నిబంధన ఉన్నది, సంఖ్య రాసి ఉన్నది, శిక్ష కూడా ఉన్నది. లేనిదల్లా ఆ నిబంధనను చూపి నిలదీయగల ప్రయాణికుడు. గొలుసు లాగినందుకు విధించగల 50 రూపాయల జరిమానా నాటి బొంబాయి–మద్రాసు మూడవ తరగతి ఛార్జీకి మూడున్నర రెట్లకు మించినదన్న విషయం గుర్తుంచుకుంటే, నిబంధన తెలియకపోవడం పేద ప్రయాణికునికి ఎంత ఖరీదైనదో బోధపడుతుంది.

తెలుగు ప్రాంతాలలో

గాంధీజీ ప్రయాణించిన మార్గం తెలుగువారికి సుపరిచితమైనది. మద్రాసు నుండి రేణిగుంట, కడప, గుంతకల్లు, ఆదోని మీదుగా సాగిన రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు నుండి వచ్చిన మార్గంతో కలిసింది. నిజాం రాజ్యంలో వాడి–సికింద్రాబాదు మార్గం 1874లో ప్రారంభమై, 1889లో బెజవాడ వరకు విస్తరించింది. కోస్తాలో బెజవాడ నుండి కటక్ వైపు మార్గం 1893–1896 మధ్య నిర్మితమైంది. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై హేవ్‌లాక్ వంతెన 1900లో రాకపోకలకు సిద్ధమైంది.

ఈ మార్గాలలో కొన్ని బ్రిటిష్ ఇండియాలోను, కొన్ని నిజాం రాజ్యంలోను ఉన్నందున, పాత ప్రకటన ఏ పరిధికి చెందినదో తేల్చుకొనడం అవసరం. మద్రాసు రాష్ట్రంలోని ఆదోనికి వర్తించిన ఉత్తర్వు, తుంగభద్ర ఆవలి ఒడ్డున నిజాం ఏలుబడిలోని రాయచూరుకు అదే విధంగా వర్తించినదని భావించరాదు.

గడియారాన్ని మార్చిన ఉత్తర్వు

రైలు ప్రకటనలు ప్రయాణికులకే పరిమితం కాలేదు. 1792లో ఏర్పడిన మద్రాసు ఖగోళ పరిశోధనాలయం సమయాన్ని దేశంలోని రైల్వేలు చాలాకాలం పాటించాయి. 1906 జనవరి 1 నుండి గ్రీనిచ్ సమయం కంటే ఐదున్నర గంటలు ముందుండే ప్రామాణిక సమయం అమలులోకి వచ్చింది. మద్రాసు సమయంతో పోల్చితే ఇది సుమారు 9 నిమిషాలు ముందు. కలకత్తా, బొంబాయి నగరాలు తమ స్థానిక సమయాలను ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు విడువలేదు. 1905, 1906 సంవత్సరాల వేళల పట్టికలను పోల్చే పరిశోధకులు ఈ మార్పును లెక్కలోకి తీసుకొనాలి.

నూతన యంత్రాల ప్రకటనలు

1856 నాటి ఆరవ నంబరు చట్టం కొత్త ఆవిష్కరణలకు 14 సంవత్సరాల ప్రత్యేక హక్కును కల్పించింది. ఆవిష్కర్తలు తమ రహస్యాలను వెల్లడించేలా ప్రోత్సహించడం దాని ఉద్దేశం. ఈ చట్టం కింద తొలి దరఖాస్తును కలకత్తాకు చెందిన సివిల్ ఇంజనీరు జార్జ్ ఆల్‌ఫ్రెడ్ డిపెనింగ్ 1856 మార్చి 3న సమర్పించారు. ఆయన రూపొందించినది రైలుకు సంబంధించిన పరికరం కాదు, పంఖాను లాగే యంత్రం. విద్యుత్తు లేని ఆ రోజుల్లో కచేరీలలోను, దొరల బంగళాలలోను గంటల తరబడి తాడు లాగి పంఖా ఊపే కూలీల పనిని యంత్రానికి అప్పగించాలన్నది ఆ ప్రయత్నం.

బ్రిటిష్ రాణి ముందస్తు ఆమోదం పొందలేదన్న కారణంతో ఆ చట్టాన్ని 1857లో రద్దు చేసి, 1859లో పదిహేనవ నంబరు చట్టంగా తిరిగి తెచ్చారు. అనంతరం 1872, 1883, 1888 సంవత్సరాలలో మార్పులు జరిగాయి. 1911 నాటి పేటెంట్లు, డిజైన్ల చట్టం ఈ పనిని కంట్రోలరు ఆధీనంలోకి తెచ్చింది. హక్కు కాలపరిమితి 1930లో 16 సంవత్సరాలకు పెరిగింది. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చింది.

రైల్వే చట్టం సైతం కొత్త యంత్రాలకు తలుపు తెరచి ఉంచింది. 16వ సెక్షనులోని ‘ఇతర చోదక శక్తి’ అన్న మాట 1890లో ఊహ వంటిది. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్–కుర్లా మధ్య తొలి విద్యుత్ రైలు నడిచినప్పుడు అది వాస్తవమైంది.

పాత ప్రకటనను పరిశీలించే పద్ధతి

పాత ప్రకటనలను ఉటంకించే పాత్రికేయులు, అధికారులు ఈ క్రింది అంశాలను సరిచూసుకొనడం ఉపయుక్తం:

1. అది చట్టమా, గెజిట్‌లో ప్రచురితమైన సాధారణ నిబంధనయా, లేక కంపెనీ అతికించిన స్థానిక సూచనయా అన్నది తేల్చుకొనాలి. ఈ మూడింటికీ గల బలం ఒక్కటి కాదు.
2. నోటిఫికేషన్ సంఖ్య, తేదీ, ఏ సెక్షను కింద జారీ అయినది పరిశీలించాలి. ఇవి లేని ప్రతిని ఆధారంగా స్వీకరించరాదు.
3. జారీ తేదీ, అమలు తేదీ వేరు కావచ్చును.
4. దరఖాస్తు దాఖలైనదన్న ప్రకటనను హక్కు మంజూరైన ప్రకటనగా భావించరాదు.

అసలు ప్రతుల కోసం 1891లో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంటుగా ఆరంభమైన న్యూఢిల్లీలోని జాతీయ పురాభిలేఖాలయాన్ని, మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాభిలేఖాలయాన్ని, నిజాం పాలన రికార్డులకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయాన్ని సంప్రదించవచ్చును.

నేటికీ నిలిచిన సూత్రం

కారణం లేక గొలుసు లాగడాన్ని 1989 చట్టం 141వ సెక్షనులో నేరంగా కొనసాగించింది. పేటెంటు దరఖాస్తులను సాధారణంగా 18 నెలల తరువాత ప్రచురించే పద్ధతి ఈ శతాబ్దంలో చట్టంలో చేరింది. ప్రభుత్వ సంస్థలు తమ నియమాలను, నిర్ణయాలను అడగకముందే వెల్లడించాలని, అందుకు స్థానిక భాషను పరిగణనలోకి తీసుకొనాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను పేర్కొన్నది. స్టేషనులో ఉంచిన నిబంధనల ప్రతిని అడిగి చూడవచ్చునన్న 1890 నాటి ఏర్పాటుకు, పౌరుని భాషలో ముందుగానే తెలియజేయాలన్న 2005 నాటి ఏర్పాటుకు మధ్య 115 సంవత్సరాల దూరం ఉన్నది. ప్రకటించినంతనే బాధ్యత తీరదని, అది చేరవలసిన వారికి చేరినప్పుడే తీరుతుందని ఈ ప్రస్థానం చాటుతున్నది.