తుపాకీకి నంబరుంది.. తూటాకు లెక్కే ఆధారం

ఖాజాగూడ: లైసెన్సు తుపాకీ చేతులు మారినా, మాయమైనా ఇట్టే తెలిసిపోతుంది. దాని నంబరు లైసెన్సు పుస్తకంలోనూ, అధికారుల రికార్డుల్లోనూ నమోదై ఉంటుంది. తూటాల సంగతి వేరు. విడిగా ఏ తూటాకూ నంబరు ఉండదు. అడుగుభాగాన తయారీ సంస్థ గుర్తు, తూటా రకం వంటి వివరాలు మాత్రమే ఉంటాయి. పెట్టెలోని పాతిక తూటాలూ అచ్చుగుద్దినట్లు ఒకేలా కనిపిస్తాయి. ఒకటి తగ్గితే ఏది పోయిందో పోల్చుకోవడం అసాధ్యం. యజమాని రాసుకున్న లెక్క ఒక్కటే అప్పుడు అక్కరకొస్తుంది.

గుట్టలు, చెరువు, దర్గాలతో ఒకప్పుడు ప్రశాంత గ్రామంగా ఉన్న ఖాజాగూడ నేడు ఐటీ కారిడార్‌లో భాగం. రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని ఈ ప్రాంతం సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పరిధిలోకి వస్తుంది. ఇతర జిల్లాల్లో కలెక్టరు వద్ద తీసుకొనే ఆయుధ లైసెన్సును కమిషనరేట్లలో పోలీసు కమిషనర్ జారీ చేస్తారు. 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నియమావళి దీనికి మూలం. 2019 సవరణతో ఒక వ్యక్తి గరిష్ఠంగా ఉంచుకోదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

రెండు పరిమితులు.. రెండు లెక్కలు

లైసెన్సులో తూటాలకు సంబంధించి రెండు అంకెలుంటాయి. ఒకేసారి దగ్గర ఉంచుకోదగినవి ఎన్ని, ఏడాదిలో కొనదగినవి ఎన్ని అన్నవే అవి. చాలామంది తడబడేది ఇక్కడే. ఉదాహరణకు ఒకరి లైసెన్సులో ఒకేసారి 25, ఏడాదికి 50 అని ఉందనుకుందాం. ఆయన ఒకేసారి 25 కొని, సాధనలో 10 పేల్చారు. చేతిలో మిగిలినవి 15. కాబట్టి మళ్లీ వెళ్లినప్పుడు కొనదగినవి 10 మాత్రమే. ఏడాది కోటాలో 25 మిగిలి ఉన్నా, అన్నీ ఒకేసారి తెచ్చుకుంటే నిల్వ 40కి చేరి షరతు ఉల్లంఘన అవుతుంది. లైసెన్సు షరతులు మీరితే చట్టంలోని 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పోటీల్లో పాల్గొనే షూటర్లకు నిబంధనలు వేరు. వారి కోటాను 2020లో కేంద్రం పెంచింది.

డీలరు అమ్మినప్పుడు ఆ వివరాలు లైసెన్సుపై నమోదవుతాయి. అంటే కొనుగోలుకు సాక్ష్యం ఉంటుంది. ఖర్చుకు ఉండదు. అందుకే ఒక చిన్న నోటు పుస్తకం అవసరం. తేదీ, తుపాకీ రకం, బిల్లు నంబరు, కొన్నవి, పేల్చినవి, ఎక్కడ పేల్చారు, మిగిలినవి అన్న గడులు చాలు. పేలకుండా మొరాయించినవీ నిల్వ కిందకే వస్తాయి. వాటిని చెత్తబుట్టలో పడేయరాదు. డీలరుకు గానీ ఠాణాలో గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. నెలకొకసారి పుస్తకంలోని అంకెతో పెట్టెలోని తూటాలను సరిచూసుకోవడం మంచిది. తుపాకీ, తూటాలు వేర్వేరు తాళాల కింద, తేమ తగలని చోట ఉంచాలి. ఒక్క తూటా పోయినా, చోరీకి గురైనా సమీప ఠాణాకు వెంటనే తెలపాలన్నది లైసెన్సు షరతే.

సంచిలో మరిచిన తూటా

లెక్క లేకపోవడం వల్ల వచ్చే చిక్కు ఎక్కువగా విమానాశ్రయంలో బయటపడుతుంది. తుపాకీ ఇంట్లోనే ఉంటుంది. ఎన్నడో సాధనకు తీసుకెళ్లిన సంచి అడుగున ఒక తూటా ఉండిపోతుంది. అదే సంచితో శంషాబాద్ వెళితే తనిఖీ యంత్రం పట్టేస్తుంది. ప్రయాణం ఆగిపోయి, వ్యవహారం ఠాణాకు చేరుతుంది. లైసెన్సు చూపగలిగిన వారి పరిస్థితి కొంత మెరుగు. లైసెన్సు లేకుండా తూటా కలిగి ఉంటే 2019 సవరణ ప్రకారం రెండు నుంచి ఐదేళ్ల జైలుశిక్షకు అవకాశం ఉంది. అయితే తన వద్ద ఉన్నట్లు తెలిసి ఉంచుకోవడమే నేరమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో వివరించింది. సంచిలో దొరికిన ఒంటరి తూటా విషయంలో ఢిల్లీ హైకోర్టు 2012లో చాన్ హాంగ్ సైక్ కేసును కొట్టివేసింది. ఊరట దొరికినా అది కోర్టు మెట్లెక్కిన తరువాతే. దానికన్నా బయలుదేరేముందు సంచి దులపడం తేలిక.

తండ్రి మరణించాక బీరువాలో తూటాలు బయటపడే కుటుంబాలూ ఉంటాయి. లైసెన్సు వారసత్వంగా రాదు. తుపాకీతో పాటు తూటాలను కూడా జాప్యం లేకుండా ఠాణాలో గానీ, లైసెన్సున్న డీలరు వద్ద గానీ డిపాజిట్ చేయాలని 21వ సెక్షన్ చెబుతోంది. ఆ తరువాతే వారసులు తమ పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవడమో, చట్టప్రకారం అమ్ముకోవడమో చేయాలి. పెద్దాయన రాసిన నోటు పుస్తకం ఉంటే ఇంట్లో ఇంకెన్ని వెతకాలో తెలుస్తుంది.

ఎన్నికల వేళ ఆయుధాలు డిపాజిట్ చేయాలని అధికారులు ఆదేశించినప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. తుపాకీ నంబరుతో పాటు తూటాల సంఖ్యను, రకాన్ని రసీదులో విడిగా రాయించుకోవాలి. తిరిగి తీసుకునేటప్పుడు ఠాణాలోనే లెక్కపెట్టి, ఆ తరువాత సంతకం చేయాలి.